బోదకాలు జ్వరం మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోంది? కాలి పగుళ్ల దగ్గర తెల్లకణాల పోరాటం ఇదీ!

గోదావరి జిల్లాల్లో బోదకాలు ఉన్న ఇంట్లో ఈ మాట కొత్త కాదు.. "మళ్లీ జ్వరం తగిలింది".

పొద్దున్న బాగానే ఉంటారు. మధ్యాహ్నానికి చలి, వణుకు. దుప్పటి మీద దుప్పటి కప్పినా ఆగదు. సాయంత్రానికి కాలు ఎర్రగా కందిపోతుంది, చెయ్యి పెడితే సెగ. గజ్జల్లో బిళ్ల కడుతుంది. నాలుగైదు రోజులు మంచం దిగలేరు. జ్వరం తగ్గాక చూసుకుంటే కాలు మునుపటికంటే కాస్త లావెక్కి ఉంటుంది. కొందరికి ఏడాదికి ఒకసారి, కొందరికి నాలుగైదు సార్లు. కూలికి వెళ్లేవాళ్లకి అన్ని రోజుల కూలీ పోయినట్టే.

ఒంట్లో పురుగు కదిలింది, అందుకే జ్వరం అని చాలామంది అనుకుంటారు. పురుగు చచ్చినప్పుడు కూడా కాలు వాచి జ్వరం రావడం ఉంది, అబద్ధం కాదు. కానీ కాలు ముందే వాచి ఉన్నవాళ్లలో ఇలా పదే పదే వచ్చే జ్వరాల్లో ఎక్కువ భాగానికి కారణం పురుగు కాదు, దోమ కాదు. కాలివేళ్ల సందుల్లోని పగుళ్లలోంచి లోపలికి దూరిన బ్యాక్టీరియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది కూడా ఇదే.

మరి ఆ బ్యాక్టీరియా దూరగానే ఒంట్లో ఏం జరుగుతుంది? దాన్ని అడ్డుకోవాల్సిన తెల్లకణాలు ఏమైపోతున్నాయి? ఇక్కడే అసలు కథ ఉంది. ఈ బ్యాక్టీరియా దగ్గర తెల్లకణాలకు చిల్లులు పొడిచే విషం ఉంది. ఆ చిల్లులు పూడ్చుకునే విద్య తెల్లకణాల దగ్గరా ఉంది. ఎవరు ముందు గెలుస్తారన్నదే ఇక్కడి పోరాటం.

గోదావరి డెల్టాకి, ఈ జబ్బుకి పాత లెక్కే

ధవళేశ్వరం నుంచి దిగువకు కాలువలు, డ్రెయిన్లు, చేపల చెరువులు, కొబ్బరి తోటలు. నీళ్లకు కొదవలేని ప్రాంతం. మురుగు నిలిచే చోట పెరిగే క్యూలెక్స్ దోమకీ ఇది ఇష్టమైన ప్రాంతమే. ఆ దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి చేరే సన్నటి దారం లాంటి పురుగు పేరు ఉకరేరియా బాంక్రాఫ్టి. మన ఊళ్లలో పైలేరియా అంటే ఇదే. ఈ పురుగు పిల్లలు రక్తంలో రాత్రిపూటే ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి ఆరోగ్య సిబ్బంది రాత్రి వేళ ఇళ్లకొచ్చి వేలి చివర సూది గుచ్చి రక్తం తీసుకెళ్లడం ఇక్కడి పెద్దవాళ్లకు బాగా గుర్తు. పైలేరియా సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ కేంద్రాన్ని కాలికట్, వారణాసిలతో పాటు రాజమండ్రిలో పెట్టారంటేనే ఇక్కడ జబ్బు ఏ స్థాయిలో ఉండేదో అర్థం చేసుకోవచ్చు.

ఇంకో విచిత్రం. పైలేరియా నివారణకు ఏడాదికోసారి ఊరంతా మింగిస్తారే డీఈసీ మాత్ర, అది పుట్టింది మన భీమవరం బిడ్డ ల్యాబ్‌లోనే. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, 1947లో ఆయన బృందం ఈ మందును బయటపెట్టింది. అప్పట్లో దాని పేరు హెట్రజాన్. మరుసటి ఏడాదే అదే సంస్థ నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. ఆ ఏడాదే, 1948లో, ఆయన చనిపోయారు. తను పుట్టిన జిల్లా జనానికి పట్టిన జబ్బుకి ఎక్కడో న్యూయార్క్ రాష్ట్రంలో కూర్చుని మందు కనిపెట్టిన మనిషి గురించి ఆ మాత్ర మింగేవాళ్లలో ఎంతమందికి తెలుసో!

అయితే డీఈసీ పని పురుగు మీద. కాలు ఒకసారి వాచి, లోపలి లింఫ్ నాళాలు దెబ్బతిన్నాక ఆ మాత్ర కాలిని మామూలుగా చెయ్యలేదు. బ్యాక్టీరియా జ్వరాన్నీ ఆపలేదు. ఆ తేడా తెలియకే చాలామంది "మాత్రలు వేసుకున్నాం కదా, అయినా జ్వరం ఎందుకొచ్చింది" అని అడుగుతుంటారు.

లోపలికి దారి ఎక్కడ దొరుకుతుంది?

సార్వా ఊడ్పుల రోజుల్లో దమ్ము చేలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాళ్లు బురదలోనే. చేపల చెరువుల దగ్గర పనిచేసేవాళ్లకి ఏడాదంతా తడే. వేళ్ల సందులు నాని, ఒరిసి, తెల్లగా చిట్లుతాయి. దానికి తోడు ఫంగస్. బోదకాలు ఉన్నవాళ్లకి చర్మం మడతలు పడి ఆ మడతల మధ్య గాలి ఆడదు. కంటికి కనపడీ కనపడని ఆ చిన్న పగులే గుమ్మం.

ఆ గుమ్మంలోంచి దూరే వాటిలో ముఖ్యమైంది స్ట్రెప్టోకాకస్. సూక్ష్మదర్శినిలో చూస్తే పూసలు గుచ్చినట్టు వరసగా కనిపిస్తుంది. పిల్లలకు గొంతునొప్పి తెచ్చేది, కొందరిలో ఆ తర్వాత గుండె కవాటాలు దెబ్బతినడానికి కారణమయ్యేది కూడా ఈ కుటుంబమే. గుండెపోటు వచ్చినప్పుడు గడ్డ కరిగించడానికి ఇచ్చే స్ట్రెప్టోకైనేజ్ ఇంజెక్షన్ పేరు విన్నారా? ఆ పేరూ ఇక్కడి నుంచి వచ్చిందే. ఈ బ్యాక్టీరియా తన దారి తాను చేసుకోవడానికి వాడే సరుకునే మనుషులు మందుగా మార్చుకున్నారు.

మామూలు కాలైతే బ్యాక్టీరియా దూరిన కాసేపటికే తెల్లకణాలు పోగవుతాయి, శత్రువు ఆనవాళ్లు లింఫ్ నాళాల ద్వారా గజ్జల్లోని గ్రంథులకు చేరతాయి, అక్కడి నుంచి అదనపు బలగం తయారవుతుంది. బోదకాలులో ఆ నాళాలే దెబ్బతిని ఉంటాయి. మాంసకృత్తులు నిండిన నీరు కదలకుండా నిలిచిపోతుంది. పూడిక తీయని పంట కాలువ లాగా అన్నమాట. బ్యాక్టీరియాకి తిండికి తిండి, తీరికకి తీరిక.

30 నానోమీటర్ల బుంగ

సీబీపీ రిపోర్ట్ చేతికొచ్చినప్పుడు అందులో పాలిమార్ఫ్స్ లేదా న్యూట్రోఫిల్స్ అని ఒక అంకె ఉంటుంది. తెల్లకణాల్లో సగానికి పైగా ఇవే. ఎక్కడ బ్యాక్టీరియా దూరినా ముందుగా పరిగెత్తేది వీళ్లే. ఎముక మజ్జ రోజుకి సుమారు 10 వేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారు చేస్తుంది. వీటి తర్వాత మాక్రోఫేజ్‌లు. ఇవి కాస్త పెద్దవి, ఎక్కువ కాలం బతికేవి, బ్యాక్టీరియాని మింగి అరిగించుకునేవి.

వీటిని ఎదుర్కోవడానికి స్ట్రెప్టోకాకస్ వదిలే విషం పేరు స్ట్రెప్టోలైసిన్ ఓ. ఇది పనిచేసే తీరు వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. విడివిడి ఇటుకల్లా బయటికొస్తుంది. మన కణాల పైపొరలో ఉండే కొలెస్ట్రాల్‌ను వెతుక్కుని అతుక్కుంటుంది. తర్వాత ఆ ఇటుకలు ఒకదాని పక్కన ఒకటి చేరి, బావి ఒర లాగా ఒక వలయం కడతాయి. వలయం పూర్తవగానే ఒక్కసారిగా పొరలోకి దిగబడుతుంది. అంతే, చిల్లు పడింది. బ్యాక్టీరియా పొరలో కొలెస్ట్రాల్ ఉండదు కాబట్టి దాని విషం దాన్నేమీ చెయ్యదు.

ఆ చిల్లు వెడల్పు సుమారు 25 నుంచి 30 నానోమీటర్లు. న్యూట్రోఫిల్ వెడల్పు సుమారు 12 మైక్రాన్లు, అంటే 12 వేల నానోమీటర్లు. కణంలో 400వ వంతు. ఇంత చిన్న చిల్లుతో ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ ఏటిగట్టు పక్కన పెరిగినవాళ్లకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరద వచ్చినప్పుడు గానీ, ఆ తర్వాత వచ్చిన ప్రతి పెద్ద వరదకి గానీ జనం రాత్రంతా టార్చిలైట్లు వేసుకుని గట్టు మీద వెతికేది దేనికోసం? ఎండ్రకాయ బొరియంత బుంగ కోసమే. గట్టు ఎంత ఎత్తున్నా సరే, చిన్న బుంగ గంటలో గండి అవుతుంది.

కణానికీ అదే భయం. కణం గట్టు మందం దాదాపు 5 నానోమీటర్లే. లోపల పొటాషియం ఎక్కువ, బయట కాల్షియం ఎక్కువ. చిల్లు పడగానే పొటాషియం బయటికి, కాల్షియం లోపలికి దూసుకుపోతాయి. ఊరుకుంటే కణం పని అయిపోయినట్టే.

అలారం మోగించేది కాల్షియమే

కణం లోపల ఉండే కాల్షియం కంటే బయట ఉండేది సుమారు 10 వేల రెట్లు ఎక్కువ. కణం నిత్యం కష్టపడి ఆ తేడాను కాపాడుకుంటుంది. అందుకే ఒక్క చిన్న చిల్లులోంచి కాల్షియం కాస్త లోపలికి రాగానే, సరిగ్గా ఏ చోట గట్టు తెగిందో కణానికి తెలిసిపోతుంది. నష్టం చేసేదే కబురూ చెబుతుందన్నమాట.

కబురు అందిన సెకన్లలోనే పని మొదలవుతుంది. ముందు అనెక్సిన్ అనే ప్రొటీన్లు చిల్లు దగ్గరికి చేరతాయి. కాల్షియం తగిలితే పొరకు అతుక్కునే గుణం వీటిది. ఇసుక బస్తాలు అనుకోండి. పూర్తిగా పూడ్చవు గానీ చిల్లు చుట్టూ పేరుకుని పరిస్థితి చేయి దాటకుండా చూస్తాయి.

కత్తి గాటు లాంటి చిరుగైతే ఇలా అంచులు దగ్గరికి లాగి అతికించవచ్చు. కానీ స్ట్రెప్టోలైసిన్ చిల్లుకి చుట్టూ విషం ఇటుకలతో కట్టిన ఒర ఉంది. అంచులు కలవవు. ఆ ఒరను పీకి అవతల పారేస్తేనే గానీ పొర మూసుకోదు.

అందుకు కణం దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి, చిల్లు పడిన ఆ కాస్త పొరను బయటి వైపు బుడగలా ఉబ్బించి, మొదట్లో బిగించి తెంచెయ్యడం. ఈ తెంచే పనిలో ఎస్కార్ట్ అనే ప్రొటీన్ల బృందం ఉంటుంది. దెబ్బతిన్న పొరను బాగుచెయ్యడంలో వీటి పాత్రను 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. గట్టు తెగే చోట ఇంజినీర్లు రింగ్ బండ్ వేసి ఆ ముక్కను వేరు చేస్తారే, దాదాపు అలాంటిదే. కాకపోతే ఇక్కడ ఆ ముక్కను ఏట్లోకి వదిలేస్తారు.

రెండోది, చిల్లు ఉన్న ముక్కను లోపలికి లాక్కుని అరిగించుకోవడం. కణం లోపల లైసోజోమ్‌లనే చెత్త సంచులుంటాయి. కాల్షియం తగలగానే ఇవి పైపొర దగ్గరికొచ్చి పగులుతాయి. వాటిలోంచి వచ్చే ఒక ఎంజైమ్ పొరలోని కొవ్వును మార్చి, అక్కడ లోపలికి గుంట పడేలా చేస్తుంది. ఆ గుంటతో పాటు చిల్లు కూడా లోపలికి వెళ్లిపోతుంది. లైసోజోమ్‌లు ఇలా మరమ్మతు పనికి వస్తాయని 2001లోనే బయటపడింది. అంతకుముందు దాకా వాటిని చెత్తబుట్టలుగానే చూశారు.

ఈ రెండింటిలో ఏది ముఖ్యం అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఏ కణం, ఎంత విషం అన్నదాన్ని బట్టి మారుతుందన్నది ఎక్కువమంది మాట. ఎలా చేసినా పని పూర్తి కావడానికి పట్టే సమయం మాత్రం సెకన్లు, మహా అయితే కొన్ని నిమిషాలు. అదే కాల్షియం లేని ద్రవంలో కణాలను ఉంచి ఈ విషం పోస్తే మరమ్మతు జరగదు. ల్యాబుల్లో దీన్నే ఒక పనిముట్టుగా మార్చుకున్నారు. ముందు స్ట్రెప్టోలైసిన్‌తో కణాలకు చిల్లులు పొడిచి, కావలసిన పదార్థం లోపలికి పంపి, ఆ తర్వాత కాల్షియం కలిపి చిల్లులు మూయిస్తారు. కణాలు మళ్లీ మామూలుగా బతుకుతాయి.

ఇది చదివి కాల్షియం మాత్రలు మింగితే తెల్లకణాలకు బలం వస్తుందని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే మాత్రం నమ్మకండి. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో శరీరం తూకం వేసినట్టు చూసుకుంటుంది. మరమ్మతుకి కావలసినంత ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

బతికినా పోరాడలేకపోతే?

చిల్లులు ఒకటి రెండైతే సరే. పదులు, వందలైతే? ఇక్కడ పరిస్థితి మారిపోతుంది.

న్యూట్రోఫిల్స్ బ్యాక్టీరియాను చంపేది ఒక రకం రసాయన మంటతో. ఆక్సిజన్‌ను ఘాటైన విషంగా మార్చి శత్రువు మీద పోస్తాయి. అమెరికాలోని శాన్ డియాగో పరిశోధకులు 2015లో ప్రచురించిన పరిశోధనలో, స్ట్రెప్టోలైసిన్ తగిలిన న్యూట్రోఫిల్స్‌లో ఈ మంట నిమిషాల్లోనే మందగించిందని తేలింది. కణం చావలేదు, కానీ చేతిలో ఆయుధం పనిచెయ్యలేదు. బ్యాక్టీరియాకి కావలసింది కూడా అదే. అందరినీ చంపక్కర్లేదు, కాసేపు కాళ్లూ చేతులూ ఆడకుండా చేస్తే చాలు. ఈలోగా అది రెట్టింపు, రెట్టింపు అవుతూ పోతుంది.

మాక్రోఫేజ్‌ల కథ వేరు. పొటాషియం బాగా కారిపోతే వాటి లోపల ఎన్ఎల్ఆర్‌పీ3 అనే అలారం మోగుతుంది. స్ట్రెప్టోకాకస్ విషయంలో ఈ అలారం మోగడానికి స్ట్రెప్టోలైసిన్ ఓ కావాల్సిందేనని 2009లో తేలింది. ఈ అలారం మీద పనిచేసిన వాళ్లలో ప్రపంచమంతా ముందు చెప్పుకునే పేర్లలో ఒకటి తెలుగు పేరు.. కన్నెగంటి తిరుమలాదేవి. పుట్టింది కొత్తగూడెంలో. ఉస్మానియా యూనివర్సిటీలో పీహెచ్‌డీ. ఇప్పుడు అమెరికాలోని మెంఫిస్‌లో సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆసుపత్రిలో సొంత ల్యాబ్ నడుపుతున్నారు. బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ ఈ అలారాన్ని ఎలా మోగిస్తుందో చెప్పిన ఆమె పరిశోధన 2006లో నేచర్ పత్రికలో వచ్చింది. కణాలు చచ్చే మూడు రకాల దారులు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తాయని చెప్పే 'పాన్ఆప్టోసిస్' అనే మాట కూడా ఆమె ల్యాబ్ నుంచి వచ్చిందే.

అలారం మోగాక ఏం జరుగుతుంది? ఐఎల్ 1 బీటా అనే పదార్థం తయారై బయటికొస్తుంది. మెదడుకి చేరి జ్వరం పెంచేవాటిలో ఇదొకటి. అంటే మధ్యాహ్నం మొదలైన ఆ వణుకు, బ్యాక్టీరియా పని అనుకుంటాం గానీ, ఎక్కువ భాగం మన కణాలు వేసిన కేకే.

ఇంకో మలుపు ఉంది. ఈ అలారం మోగితే గాస్‌డెర్మిన్ డి అనే ప్రొటీన్ తెగి, కణం తన పొరకు తనే చిల్లులు పెట్టుకుంటుంది. శత్రువు చేతికి చిక్కే బదులు కోట తగలబెట్టుకోవడం లాంటిది. కణం పగిలి లోపలి సరుకంతా బయటపడితే చుట్టుపక్కల తెల్లకణాలన్నీ పరిగెత్తుకొస్తాయి. ఈ గాస్‌డెర్మిన్ సంగతి 2015లో తెలిసింది. ఆ తర్వాత 2018లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు మరో విషయం చెప్పారు. కణం తనకు తాను పెట్టుకున్న ఈ చిల్లులను కూడా అదే ఎస్కార్ట్ బృందం పూడుస్తుందట! అంటే చావాలా, బతకాలా అన్నది ఆఖరి నిమిషం దాకా తేలదు. చిల్లులు పడే వేగం ఎక్కువా, పూడ్చే వేగం ఎక్కువా అన్నదే లెక్క.

కాలిలో ఇదంతా లక్షల కణాల్లో ఒకేసారి జరుగుతుంటే పైకి మనకు కనిపించేది ఎరుపు, సెగ, వాపు. ఈ అగ్గిలో శత్రువుతో పాటు అక్కడ మిగిలి ఉన్న మంచి లింఫ్ నాళాలూ దెబ్బతింటాయి. జ్వరం తగ్గాక కాలు ఇంకాస్త లావుగా కనిపించడానికి కారణం ఇదే. లావెక్కితే మడతలు పెరుగుతాయి. మడతలు పెరిగితే పగుళ్లు. పగుళ్లుంటే మళ్లీ జ్వరం.

ల్యాబ్ రిపోర్ట్‌లో ఏఎస్ఓ అంటే ఏంటి?

ఈ విషం పేరు తెలియకుండానే మన జిల్లాల్లో వేలమంది దాని పేరు మీద పరీక్ష చేయించుకుని ఉంటారు. కీళ్ల నొప్పులనో, పిల్లాడికి తరచూ గొంతునొప్పి అనో వెళ్తే రాసే ఏఎస్ఓ టైటర్.. అది యాంటీ స్ట్రెప్టోలైసిన్ ఓ పరీక్షే. ఒకసారి ఈ విషం రుచి చూసిన శరీరం దానికి విరుగుడుగా యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. అవి విషం ఇటుకలను దారిలోనే పట్టుకుని, కణం మీద ఒర కట్టకుండా ఆపుతాయి. రక్తంలో అవి ఎంత ఉన్నాయో చూసే ఈ పరీక్షకు 1932లో బ్రిటన్‌లో టాడ్ అనే శాస్త్రవేత్త బాటవేశారు.

రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఏఎస్ఓ ఎక్కువ వచ్చిందంటే ఈమధ్య స్ట్రెప్టోకాకస్ సోకిందని మాత్రమే అర్థం. ఆ ఒక్క అంకె చూసి రుమాటిక్ జ్వరం అని తేల్చడం కుదరదు. అలాగే చర్మం ద్వారా సోకినప్పుడు ఏఎస్ఓ పెద్దగా పెరగకపోవచ్చు. చర్మంలోని కొలెస్ట్రాల్ లాంటి కొవ్వులు విషాన్ని అక్కడే పట్టేసుకోవడం దీనికి కారణమని చెబుతారు. అందుకే బోదకాలు జ్వరంలో "ఏఎస్ఓ నార్మల్ కదా, ఇన్ఫెక్షన్ లేదు" అనుకుంటే పొరపాటే.

మందులు ఎక్కడ పనిచేస్తాయి?

అదృష్టం ఏమిటంటే, ఇన్నేళ్లు వాడినా ఈ రకం స్ట్రెప్టోకాకస్‌కి పెన్సిలిన్ పనిచేస్తూనే ఉంది. పెన్సిలిన్ బ్యాక్టీరియా గోడ కట్టుకోకుండా ఆపుతుంది. ఇన్ఫెక్షన్ మరీ తీవ్రంగా, కండ దాకా పాకితే డాక్టర్లు దానికి క్లిండమైసిన్ అనే మందు కూడా జోడిస్తారు. ఇది బ్యాక్టీరియా ప్రొటీన్ల తయారీని ఆపుతుంది. విషం కూడా ప్రొటీనే కాబట్టి ఆ ఫ్యాక్టరీ మూతపడుతుంది. చిల్లులు పడటం తగ్గితే తెల్లకణాలకు పూడ్చుకునే తీరిక దొరుకుతుంది.

మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల సంగతేంటి? బ్రిటన్, ఐర్లాండ్‌లలో కాలికి పదే పదే ఇలాంటి ఇన్ఫెక్షన్ వచ్చే 274 మందిపై చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. ఏడాది పాటు రోజూ తక్కువ మోతాదు పెన్సిలిన్ వాడినవాళ్లలో 22 శాతం మందికి మళ్లీ వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 37 శాతం మందికి వచ్చింది. కానీ మందు ఆపేశాక ఆ లాభం నిలవలేదు. 2020లో ఆస్ట్రేలియాలో వాచిన కాళ్లకు బిగుతు కట్లు వాడి చూశారు. కట్లు వాడినవాళ్లలో 15 శాతం, వాడనివాళ్లలో 40 శాతం మందికి తిరగబెట్టింది. చిన్న అధ్యయనమే, 84 మంది. అయినా తేడా పెద్దదే. వీటిలో ఏది ఎవరికి పనికొస్తుందో డాక్టర్ చూసి చెప్పాలి. కాలికి రక్తప్రసరణ సరిగా లేనివాళ్లు సొంతంగా కట్టు బిగిస్తే ప్రమాదం.

ఇంట్లో చేసుకోగలిగింది

ఇంత పెద్ద కథలో రోగి చేతిలో ఉన్న భాగం మాత్రం చాలా సాదా సీదాది. సబ్బు, నీళ్లు, పొడి గుడ్డ. రోజుకి ఒకసారైనా, కుదిరితే రెండుసార్లు, కాలిని మామూలు సబ్బుతో మెల్లగా కడగాలి. అన్నిటికంటే ముఖ్యం వేళ్ల సందులు, చర్మం మడతలు. కడగడం కంటే ఆరబెట్టడంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. గుడ్డ చివర సందుల్లోకి పోనిచ్చి తడి లేకుండా ఒత్తాలి, రుద్దకూడదు. వేళ్ల మధ్య తెల్లగా చిట్లి దురద ఉంటే ఫంగస్ పూత మందు, గాయం ఉంటే యాంటీసెప్టిక్ పూత. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవడం, మడమ కిందికీ పైకీ ఆడించడం. చేలోకి వట్టికాళ్లతో దిగకుండా చూసుకోవడం ఊడ్పుల్లో కష్టమే. కనీసం గట్టు ఎక్కగానే కడిగి తుడుచుకోవాలి.

బకెట్, మగ్గు, సబ్బు, తువ్వాలు, పూత మందు ఉన్న కిట్లు పైలేరియా కార్యక్రమం కింద రోగులకు ఇస్తారు. అందనివాళ్లు ఆశా కార్యకర్తను, లేదంటే దగ్గర్లోని పీహెచ్‌సీలో అడగవచ్చు.

జ్వరం వచ్చిన రోజుల్లో మాత్రం వ్యాయామం వద్దు. కాలు ఎత్తులో పెట్టి పడుకోవాలి, నీళ్లు బాగా తాగాలి, సెగ తగ్గడానికి చల్లటి తడిగుడ్డ వేసుకోవచ్చు. వేడినీళ్ల కాపడం, గట్టిగా మర్దనా, ఆకుల పసరు కట్టడం, చెడురక్తం పోతుందని గాట్లు పెట్టించుకోవడం.. ఇవన్నీ బ్యాక్టీరియాకి కొత్త గుమ్మాలు తెరవడమే. యాంటీబయాటిక్ డాక్టర్ రాసినన్ని రోజులూ వాడాలి. రెండు రోజులకి జ్వరం తగ్గిందని ఆపేస్తే మిగిలిన బ్యాక్టీరియాకి ఊపిరి పోసినట్టు.

షుగర్ ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్త పడాలి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే న్యూట్రోఫిల్స్ చురుకుదనం తగ్గుతుంది. ఎరుపు గంటల్లోనే పైకి పాకుతున్నా, కనిపించే వాపుతో పోలిక లేనంత నొప్పి ఉన్నా, చర్మం మీద నీటి పొక్కులు లేచినా, నల్లబడినా, మనిషి మాట తడబడుతున్నా, మూత్రం తగ్గినా ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. అది బోదకాలు జ్వరం దాటి వెళ్లిన లక్షణం. వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.